ఎస్టోనియా, వయా బొబ్బిలి

ఉపాధ్యాయుడు కదలాలి. అంతర్జాతీయ ఉపాధ్యాయ చలన మండలి ఈ నిర్ణయానికి వచ్చేసింది. పిల్లలు ఏటా పై తరగతికి వెళ్లిపోతుంటే టీచరు మాత్రం అదే గదిలో, అదే బల్ల ముందు రిటైరయ్యేదాకా ఉండిపోవడం వల్లే చదువులు పాడయ్యాయని మండలి కనిపెట్టింది.

కనుక టీచర్లను విదేశీ బడులకు పంపడానికి ఒక నిధి ఏర్పడింది. నిధికి దరఖాస్తు ఏర్పడింది. దరఖాస్తు అరవై నాలుగు పేజీలు కావడంతో, అది నింపడంలో టీచర్లకు సాయపడే చలన సహాయ కేంద్రాలు ఏర్పడ్డాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మన తెలుగువాళ్లు నడుపుకునే చిన్న బడిలోనూ ఒకటి వెలిసింది. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, నేను. (బల్లనూ కుర్చీనీ బోల్టులతో నేలకు బిగించారు. చలన కేంద్రంలోంచి ఏదీ కదలరాదని నిబంధన.)

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. పైగా ఎనిమిదో తరగతి నుంచీ కాలనీ మొత్తానికి ఉచిత ప్రయాణపు రైల్వే పాసు ఫారాలు నింపుతున్నది కూడా నేనే. ఈ రెండు అర్హతలూ చూసి నన్ను పెట్టారు. రెండోదే కొంప ముంచింది.

మా కేంద్రానికి వచ్చిన దరఖాస్తుదారు ఒక్కరే, నాలుగో తరగతి చెప్పే నీలవేణి టీచరు. ఆవిడకి పందొమ్మిది మంది పిల్లలు. వాళ్లకి ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. తెలుగు గడగడా మాట్లాడతారు. తెలుగు అక్షరం చూపిస్తే మాత్రం ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు చూస్తారు. మొన్న నేను గుమ్మంలో ఉండగానే తేజస్వి అనే పిల్ల 'ళ' మీద వేలు పెట్టి, "టీచర్, యే జలేబీ వాలా ఏటి?" అని అడిగింది.

ఎస్టోనియాలో ఒక బడిలో మూడు భాషల పిల్లలు ఒకే గదిలో కూర్చుని మూడూ చదివేస్తున్నారట. టీచరు వీడియోలో చూశారు.

"రెండు వారాలు ఆ గదిలో వెనక బెంచీ మీద కూర్చోనిస్తే చాలు బాబూ, మిగతాది నేను పట్టేస్తాను. కానీ జూన్ పన్నెండుకి నాకు నలభై అయిదు నిండిపోతాయి. ఆ లోపల తుది అనుమతి రాకపోతే ఇంక పంపరట."

(నలభై అయిదు దాటిన టీచరు ఏదీ నేర్చుకోలేదని మండలి ఎక్కడో నేర్చుకుంది.)

మొదటి ప్రశ్న: ఎందుకు వెళ్తున్నారు? టీచరు ఒక్క వాక్యం రాశారు. "పిల్లలకు చదవడం ఎలా నేర్పుతున్నారో చూసి రావడానికి." పోర్టల్ ఒప్పుకోలేదు, మూడు వేల అక్షరాలకు తగ్గకూడదట. నేను "బహుభాషా సందర్భంలో పఠన సామర్థ్య లోపాల సమగ్ర నిర్ధారణ" అని ఎత్తుకుని మూడు వేల నాలుగు దగ్గర దించాను. టీచరు ఓపిగ్గా అంతా చదివారు.

"బాగుంది బాబూ. ఇంతకీ ఎవరు వెళ్తున్నారు?"

పదిహేడో ప్రశ్న: మీరు లేనప్పుడు పిల్లలకు ఎవరు చెబుతారు? చెప్పగల మనిషిని చూపిస్తే, అంతటి మనిషి ఉండగా మీకు శిక్షణ దేనికని తిప్పి పంపారు. ఎవరూ లేరని రాస్తే, పిల్లల్ని గాలికొదిలేస్తున్నారని తిప్పి పంపారు. చివరికి "కొంతవరకు చెప్పగల మనిషి" అని రాశాం. పదికి పది మార్కులు పడ్డాయి. ఆ మనిషిని నేనే.

ఆ తర్వాత ప్రయాణ మార్గం పేజీ వచ్చింది. ఆ పేజీతో పాటు టీచరుగారి అత్తగారు అప్పయమ్మగారు వచ్చారు. ఆవిడ రిటైరైన గార్డుగారి భార్య. నలభై ఏళ్ల పాసులు చేతుల మీదుగా వెళ్లిన మనిషి.

"ఏట్రా ప్రవీణూ, ఈ ఎస్టోనియా ఏ డివిజన్లోకొస్తాది?"

"మన రైల్వేలో లేదు మామ్మగారూ. ఢిల్లీ వెళ్లి విమానం ఎక్కాలి."

"అచ్ఛా. మరి వయా ఏటి రాసినావు?"

"దీనికి వయా ఉండదు."

"వయా లేని పాసు పాసేట్రా? మా ఆయన అమృత్‌సర్ ఎల్లినా వయా బొబ్బిలి రాయించీవోడు. అక్కడ దిగకుండా ఏనాడన్నా పాసు వాడినామా? సుట్టాలేటనుకుంటారు?"

"ఇది పాసు కాదత్తయ్యా" అన్నారు నీలవేణి టీచరు.

"నువ్వూరుకోయే. దార్లో మూడ్రోజులు దిగితే నీ సొమ్మేటి పోనాది?"

నేను రాయకూడదనే అనుకున్నాను. కానీ 'నుంచి', 'వరకు' అని రెండు గళ్లు కనిపిస్తే నా చెయ్యి నా మాట వినదు. బిలాస్‌పూర్ నుంచి ఎస్టోనియా వరకు, వయా రాయ్‌పూర్, పార్వతీపురం, బొబ్బిలి. బ్రేక్ జర్నీ: బొబ్బిలి, మూడు రోజులు. ఢిల్లీ అటువైపు కాదన్న సంగతి సబ్మిట్ నొక్కాక గుర్తొచ్చింది. (తప్పు దిద్దుకోవడానికి వేరే దరఖాస్తు ఉంది. నలభై పేజీలు.)

వారం తిరక్కుండా మండలి ఉపసంచాలకులు భాస్కరరావుగారు స్వయంగా ఫోన్ చేశారు.

"అద్భుతమండీ! ప్రతివాడూ తిన్నగా వెళ్లిపోతానంటాడు. అంచెలంచెల చలనం ప్రతిపాదించింది మీరొక్కరే."

"సార్, అది పొరపాటున..."

"పొరపాటు అన్న గడి ఫారంలో లేదండీ. నూటికి తొంభై నాలుగు!"

చలనం అంచెలంచెలు కాబట్టి మంజూరు కూడా అంచెలంచెలుగానే వచ్చింది. ముందు బొబ్బిలి. ఆ నివేదిక ఆమోదించాక ఎస్టోనియాకి తుది అనుమతి. ఏప్రిల్లో టీచరు బొబ్బిలి వెళ్లి, అక్కడి బడిలో మూడు రోజులు వెనక బెంచీ మీద కూర్చుని, "ఇక్కడి పిల్లలకు తెలుగు చదవడం వచ్చు" అని నిజాయితీగా నివేదిక ఇచ్చారు. మండలి దాన్ని మూడుసార్లు తిప్పి పంపింది. ఆతిథ్య దేశం పేరు రాయలేదని ఒకసారి. ఇండియా అని రాస్తే, బయల్దేరిన దేశమూ అదే ఎలా అయిందని రెండోసారి. అక్కడి బడి ఆహ్వానపత్రం మీద విదేశీ ముద్ర లేదని మూడోసారి. మొత్తానికి ఆమోదించారు. జూన్ పదమూడున.

"ఎస్టోనియా కేన్సిలైపోనాదేటి?" అన్నారు అప్పయమ్మగారు. "పోన్లే, బొబ్బిలైనా వాడుకున్నాం."

టీచరు ఎస్టోనియా బడి వీడియో ఉన్న ఫోన్ నా చేతికిచ్చి, "దీన్ని ఎలా తీసెయ్యాలో చూపించు బాబూ" అన్నారు.

అయితే మంజూరైన చలనం ఆగరాదని పద్నాలుగో నిబంధన. వయసు పరిమితి టీచర్లకే తప్ప అధికారులకు లేదు. అందుచేత సెప్టెంబరులో, యాభై ఎనిమిదేళ్ల భాస్కరరావుగారు పిల్లల మేలు కోరి ఎస్టోనియా కదిలారు.

తిరిగొచ్చి మా బడిలో నలభై నిమిషాలు ప్రసంగించారు. ఫోటోల్లో సరస్సు చూపించారు. మధ్యాహ్న భోజనం ప్లేటు చూపించారు. నీలవేణి టీచరు చెయ్యెత్తారు.

"సార్, ఆ టీచరు పిల్లలకి చదవడం ఎలా నేర్పుతున్నారండీ?"

"బ్రహ్మాండంగా నేర్పుతోందమ్మా. కాకపోతే అంతా వాళ్ల భాషల్లోనే చెప్పింది, నాకొక్క ముక్క అర్థం కాలేదు. ఒకటి మాత్రం గమనించాను. ఆవిడ తరగతి వదిలి ఎక్కడికీ వెళ్లదు. మీరూ అది అలవాటు చేసుకోవాలి."

చివరగా ఫలితాల పత్రం మిగిలింది. లబ్ధిదారులు ఆ పందొమ్మిది మందే. (అయిదో తరగతికి వెళ్లినా తెలుగుకి ఈ టీచరు దగ్గరికే వస్తారు.) "ఈ ప్రాజెక్టు వల్ల మేము తెలుగు చక్కగా చదవగలుగుతున్నాము" అని పైన అచ్చువేసి ఉంది, కింద పిల్లలు సంతకాలు పెట్టాలి. టీచరు ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. బోర్డు వైపు తిరిగి మళ్లీ 'ళ' రాయడం మొదలుపెట్టారు. కనుక కొంతవరకు చెప్పగల మనిషిగా ఆ పని నేనే చూశాను.

"భయ్యా, ఇందులో ఏటి రాసుంది?" అంది తేజస్వి.

సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను. పందొమ్మిది మందీ బుద్ధిగా హిందీలో సంతకాలు పెట్టారు. ఫలితం సంతృప్తికరమని మండలి రాసింది.