ముందు మొలిచిన నూట అరవై

పెద్ద గింజ నుంచి బలమైన మొక్క వస్తుందనీ, అందరికన్నా ముందు మొలిచినదే బతికి బట్టకడుతుందనీ లోకంలో ఒక నమ్మకం ఉంది. గచ్చిబౌలిలోని ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో ఈ నమ్మకం గత వేసవి చివర పరీక్షకు గురైంది. పరీక్షించినవారికి ఆ ఉద్దేశం లేదు.

మే నెల చివరి ఆదివారం ఉదయం శారదమ్మ ఒక గుడ్డసంచి విప్పింది. అందులో కదిరి నుంచి తెచ్చుకున్న రెండు వందల అనపగింజలు ఉన్నాయి. ఆ రకం ఆమె అక్క చేలో తప్ప మరెక్కడా లేదు. ఆ చేను ఇటీవలే అమ్ముడైంది. మిగిలిన విత్తనాన్ని డాబా మీద బతికించుకోవాలని ఆమె ఆశ. అక్కడ షటిల్ కోర్టు వేయించాలని అసోసియేషన్ అధ్యక్షుడు సోమేశ్వరరావు పట్టుదల. వాదోపవాదాల తరువాత ఆయన ఒక గడువిచ్చాడు: జూన్ చివరి ఆదివారం సమావేశం నాటికి ముప్పై మొక్కలు ప్రాణాలతో కనిపించాలి. లేకుంటే కోర్టే.

శారదమ్మ కుమారుడు దినేష్ ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ప్రాజెక్ట్ మేనేజరు. మనుషులకు రేటింగు ఇవ్వడం అతని వృత్తిలో భాగం. అతడు స్కేలు తెచ్చి గింజలను కొలవసాగాడు.

"ఏం చేస్తాండావురా?"

"అప్రైజల్ అమ్మా. పెద్దవి నూట అరవై తేలాయి. ఈ నలభై చిన్నవి పారేద్దాం. నీళ్లూ చోటూ దండగ."

"వానలన్నా పడనీరా. తొలకరి రాకముందే ఎవురైనా విత్తుతారా?"

"ముందు వచ్చినవాడిదే మార్కెట్ అమ్మా."

"ఇది మార్కెట్టు కాదు నాయనా, మన్ను."

దినేష్ చిన్న గింజలను వాచ్‌మన్ రామన్న చేతిలో పెట్టి పారేయమన్నాడు. పెద్దవాటిని నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలకెత్తించి కుండీల్లో నాటాడు. వారం తిరిగేసరికి నూట అరవైకి నూట అరవై లేచాయి. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాడు. సోమేశ్వరరావు ఒక బొటనవేలి గుర్తు మాత్రం పంపాడు.

ఆ ఎండల్లో చుట్టుపక్కల మరో లేత ఆకు లేదు. పెద్ద గింజలో నిల్వ ఆహారం ఎక్కువన్నది నిజమే. అది మొలకకు ఎంత ఉపయోగమో పావురానికీ అంతే. మర్నాటి సాయంత్రానికి తొంభై మిగిలాయి.

పావురాల దృష్టి మళ్లించడానికి శారదమ్మ డాబా అవతలి మూల జొన్నలు చల్లింది. అవి జొన్నలు తిని, తరువాత మొలకల దగ్గరకు వచ్చాయి. మరునాడు రెట్టింపు వచ్చాయి. మూడోనాడు దినేష్‌కు మెట్ల మీద నాలుగో అంతస్తు రాహేలు ఎదురైంది. ఆమె నర్సు, చేతిలో నూకల డబ్బా ఉంది.

"ఎవరికి ఆంటీ ఇవి?"

"మీ అమ్మగారు ఏదో వ్రతం పట్టారు కదండీ, పావురాలకి మేత వేస్తున్నారు. నేనూ రెండు పూటలా వేస్తున్నాను. ప్రార్థనలు వేరైనా ఆకలి ఒకటేగదండీ!"

"ఆంటీ, అది వ్రతం కాదు, ఎర!"

"అయ్యో! నీళ్ల బేసిను కూడా పెట్టానే!"

దినేష్ శనివారం మనుషులను పిలిపించి డాబా నాలుగు వైపులా, పైనా నైలాన్ వల బిగించాడు. ఎండకు తాళలేక వాటర్ ట్యాంకు వెనుక నీడలో కూర్చున్న ముప్పై పావురాలను ఎవరూ చూడలేదు. బయటికి దారిలేని పావురాలు సాయంత్రానికి మిగిలిన మొలకలన్నీ ముగించాయి. ఆదివారం అతడే బ్లేడుతో వల కోసి వాటిని సాగనంపాడు. రాహేలు మేత మానలేదు, ఆ వేళకు అవి తిరిగి వచ్చాయి.

జూన్ చివరి ఆదివారం సోమేశ్వరరావు సమావేశానికి టేపు పట్టుకుని వచ్చాడు. "మొక్కలెన్ని?" అని అడిగాడు. దినేష్ ఫోను వంక చూశాడు. శారదమ్మ ఖాళీ సంచిని మడిచి, మళ్లీ మడిచి, నడుము దగ్గర దోపుకుంది.

అప్పుడు రామన్న గొంతు సవరించుకున్నాడు. "సార్, జర కిందికొస్తరా?"

పార్కింగు మూల పాత కూలర్ తొట్టి నిండా అనపమొక్కలు, నాలుగేసి ఆకులతో నిలబడి ఉన్నాయి.

"పారేసుడెందుకని మన్నుల కలిపిన. నీళ్లు గిట్ల పొయ్యలే. వాన పడ్డంక లేచినయ్."

"మరి పావురాలు?" అన్నాడు దినేష్.

"మీద రోజూ దావత్ నడుస్తుంటే ఈడికెందుకొస్తయ్ సార్?"

సోమేశ్వరరావు రెండుసార్లు లెక్కపెట్టాడు. "ఇది డాబా కాదు కదా" అన్నాడు.

"ముప్పై మొక్కలన్నారు సార్. యాడుండాలో మీరు చెప్పలేదు" అంది శారదమ్మ.

ఆనాటి మినిట్సులో నమోదైనది ఇది. పెద్ద గింజలు, వానకు ముందు మొలిచినవి నూట అరవై, మిగిలినవి సున్నా. చిన్న గింజలు, వాన తరువాత మొలిచినవి ముప్పై ఆరు. మిగిలినవి ముప్పై మూడు. డాబా తోటకే. తోట బాధ్యత రామన్నది. ఐదో అంతస్తు పైకి మన్ను మోసే బాధ్యత దినేష్‌ది.