కత్తి పడ్డాక చెప్పే రేటు

ఆపరేషన్‌కు ఎంతవుతుందో రోగికి ముందే చెప్పడం లాంటి మొరటు పని లోకంలో మరొకటి లేదు!

రెండేళ్ళ కిందట దానికోసం ఒక చట్టమే చేశారు. ఖర్చు అంచనా ముందుగా కాగితం మీద రాసివ్వాలట. ఇన్సూరెన్సు జాబితాలో ఉన్న ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళకు, జాబితాలో లేని డాక్టరు ఎవరో చెయ్యి వేశాడని విడిగా బిల్లు పంపకూడదట. పాఠకులారా, ఇదేం అన్యాయం? మన బతుకుల్లో మిగిలిన ఒక్క ఆశ్చర్యాన్ని కూడా లాగేసుకుంటారా?

మీరే ఆలోచించండి. సినిమా కథంతా ట్రైలర్లోనే తెలిసిపోతోంది. వాన ఎన్నింటికి పడుతుందో ఫోను చెప్పేస్తోంది. ఇక గుండె గుభేలుమనే యోగం మనకు ఎక్కడ మిగిలింది? ఆసుపత్రి నుంచి పోస్టులో వచ్చే పొడుగాటి కవరులో తప్ప!

ఇది గాలి కబురు కాదు, స్వానుభవం.

మా ఆవిడ టైలరు. వీధివైపు గదిలో కిటికీ పక్కన మిషను, గోడకు కొలతల టేపు, బల్ల మీద సుద్దముక్కలు. ముప్ఫై ఏళ్ళుగా అదే గది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఆవిడకొక పాడు అలవాటుంది. గుడ్డ మీద కత్తెర పెట్టకముందే కూలి చెప్పేస్తుంది! చెప్పి ఊరుకోదు, గుడ్డ వెనక వైపు మూలన సుద్దముక్కతో ఆ అంకె రాసేస్తుంది. కుట్టడం అయ్యాక అంతకుమించి పైసా తీసుకోదు.

"కత్తెర పడ్డాక బేరమేంటండీ? గుడ్డ నా చేతిలో ఇరుక్కుపోయాక ఎంతడిగినా ఇస్తారు. అది కూలి కాదు, దోపిడీ" అంటుంది. వ్యాపారం బొత్తిగా తెలియని మనిషి.

పోయినేడు ఆవిడ రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. ముందు ఎడమ కన్ను చేస్తామన్నారు. మా ఇన్సూరెన్సు జాబితా వెతికి వెతికి, అందులో ఉన్న ఆసుపత్రికే వెళ్ళాం. కౌంటరు వెనక గోడ మీద 'మిమ్మల్ని కంటికి రెప్పలా కాపాడతాం' అని రాసి ఉంది.

"అంతా కలిపి ఎంతవుతుందమ్మా?" అని అడిగేసింది మా ఆవిడ. నాకు తల కొట్టేసినట్టయింది.

"ముందు ఆపరేషన్ కానివ్వండి ఆంటీ, డబ్బుదేముంది!" అంది కౌంటరమ్మాయి. ఎంత సంస్కారం! డబ్బు మాట ఎత్తడానికే ఆ పిల్లకు మొహమాటం.

మా ఇంట్లో ఏ కాగితమైనా చదివేది మా ఆవిడ, సంతకం పెట్టేది నేను. మా సంసారం ఇన్నాళ్ళు సాఫీగా సాగడానికి కారణం ఇదే. ఆ రోజు ఆవిడ కంట్లో చుక్కల మందు వేసి పడుకోబెట్టేశారు. అప్పుడు తెచ్చారు కాగితాలు.

"ఏంటండీ అవి?" అంది, కళ్ళు మూసుకునే.

"రోగి రక్షణ పత్రంట. మన మంచికేలే" అన్నాను. పైన పెద్ద అక్షరాల్లో అలాగే ఉంది మరి! ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని ఆ అమ్మాయి వేలు పెట్టిన చోటల్లా పెట్టాను. నా సంతకం ముచ్చటగా ఉంటుందని నా చిన్నప్పుడే పేరు.

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. కట్టు విప్పగానే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇంత ముసలివారైపోయారేంటండీ!" అంది. అది మొదటి ఆశ్చర్యం. రెండోది మూడు వారాల తర్వాత కవరులో వచ్చింది.

మత్తు డాక్టరుగారి బిల్లు! ఆసుపత్రేమో జాబితాలో ఉంది. కంటి డాక్టరు జాబితాలో ఉన్నారు. మత్తు డాక్టరు మాత్రం లేరు. ఫోను చేస్తే, "ఆయన మావారు కాదండీ, బయటినుంచి వస్తారు" అన్నారు. అంటే, పిలవకుండా వచ్చిన చుట్టమన్నమాట. పావుగంట నిలబడి, మా ఆవిడ ఏడు నెలలు మిషను తొక్కితే వచ్చేంత పట్టుకుపోయారు. మత్తు ఇచ్చింది ఆవిడకు, దిగింది నాకు.

"చట్టం ఉందిగా!" అని గద్దించాను.

"మీరే వద్దన్నారుగా సార్!" అని, నేను సంతకాలు పెట్టిన కాగితం కాపీ పంపించారు.

మా ఆవిడ కొత్త కంటితో పైకి చదివింది. 'రోగి రక్షణ పత్రం' అన్న శీర్షిక కింద చీమ తలకాయంత అక్షరాలు. 'చట్టం ఇచ్చిన రక్షణ మాకు అక్కర్లేదని, ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాము.' ఆ కింద మూడు చోట్ల నా ముచ్చటైన సంతకం.

చూశారా, చట్టం చేసినవాళ్ళలోనూ రసికులున్నారు! ముందు తలుపుకు తాళం వేసి, రోగి సంతకం పెడితే చాలని దొడ్డి తలుపు తీసి ఉంచారు. పైగా ఈ బిల్లువల్ల మాకు జరిగిన మేలు ఇంతా అంతా కాదు. ప్రతి ఆదివారం భోజనానికి దిగబడే మా బావమరిది, ఎక్కడ అప్పడుగుతామోనని రావడం మానేశాడు. ఒక కంటికి ఆపరేషన్ చేస్తే మా ఇద్దరి కళ్ళూ తెరుచుకున్నాయి. లెక్క వేస్తే చవకే!

మా ఆవిడ మాత్రం ఆ కాగితం మడిచి మిషను సొరుగులో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

ఇక కుడి కన్ను మిగిలింది. అది రోజురోజుకీ మసకబారి, బాగైన కన్నుకు కూడా అడ్డం పడుతోంది. నల్లగుడ్డలు తీసుకోవడం మానేసింది, నల్లగుడ్డ మీద నల్లదారం కనిపించదు. పొద్దున్నే పది సూదుల్లో దారం ఎక్కించి పెట్టడం ఇప్పుడు నా ఉద్యోగం. పోయిన వారం ఒక చొక్కాకు కాజాలు తప్పు వైపు కోసేసింది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, గుడ్డ కొనిచ్చి క్షమించమంది. ఆ సాయంత్రం పొద్దుండగానే మిషను మీద గుడ్డ కప్పేసింది. నాకు చాలా బాధేసింది.

ఆసుపత్రికి నాలుగుసార్లు ఫోను చేశాను. నాలుగుసార్లూ "ముందు రండి సార్, వచ్చాక చూద్దాం" అన్నారు.

"గుడ్డ చూసి నేను కూలి చెప్పట్లా? కన్ను చూసి వాళ్ళు చెప్పలేరా? చెప్పాకే వస్తా" అని భీష్మించుకు కూర్చుంది ఆవిడ. నవనాగరిక వైద్యం మీద గౌరవం లేని మనిషితో ఎలా వేగేది?

అందుకే ఈ వ్యాసం రాశాను. ఎప్పటిలాగే ముందు ఆవిడకే ఇచ్చాను. కుడి కన్ను అరచేత్తో మూసుకుని, అక్షరం వదలకుండా చదివింది.

"బానే ఉంది" అంది. కాగితం తిరగేసి బల్ల మీద పరిచి, సుద్దముక్క నా చేతికిచ్చింది. "ఆ మూల అంకె వెయ్యండి. రేపే బయల్దేరతా."

పాఠకుల్లో ఆసుపత్రివారెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఆ మూల ఇంకా ఖాళీగానే ఉంది.