మహారాజశ్రీ అల్మారా

అర్జీల దఫ్తరులో ఇకమీదట ఏ కాగితమైనా కన్నుమూసి తెరిచేలోగా దొరుకుతుందని దఫ్తరు పెద్ద నాజిం సాహెబు ప్రకటించిన రోజున అమీర్‌పేట ధన్యమైంది. ఉన్నవి లక్ష అర్జీలు. వాటిని మొదటి అక్షరం వరసన సర్దాలి. అక్షరానికొకటి చొప్పున యాభై ఆరు అల్మారాలు దిగాయి. పలికే నాథుడు లేని 'ఙ'కి సైతం తాళంచెవితో సహా ఒకటిచ్చారు. సర్కారుకు పక్షపాతం లేదు.

తెలుగు చదవగల ఏకైక గుమాస్తా జ్ఞానరాజు పొంగిపోయాడు. లచ్చమ్మ అర్జీ ఇప్పుడైనా దొరుకుతుందని అతని ఆశ. దఫ్తరు నడిచేది ఆమె ఇంట్లోనే. జర్మనీ లడాయి మొదలైన ఏడాదిలో ఆర్నెల్లకని తీసుకున్నారు, మూడేళ్లయింది. ఆ ముసలమ్మ పంజాగుట్టలో ఎవరిదో గొడ్ల కొట్టంలో ఉంటోంది. ఆమెను చూస్తే జ్ఞానరాజుకు సిగ్గేసేది.

మొదటి అర్జీ 'మహారాజశ్రీ' అని మొదలైంది. 'మ'లో పెట్టాడు. రెండోదీ మహారాజశ్రీయే. సాయంత్రానికి 'మ' అల్మారా తలుపు ఊడింది.

"హుజూర్, అందరు మర్యాదగ రాసిండ్రు. గదే ముసీబత్."

నాజిం సాహెబు మామూలు బుర్ర కాదు. "అయితే ఆఖరు మాట చూడు!"

ఆఖరున అందరూ 'చిత్తగించవలెను' అన్నారు. మర్నాడు 'చ' తలుపు ఊడింది.

అప్పుడే లచ్చమ్మ వచ్చింది. "నా అర్జీ దొరికిందా, అయ్యా?"

"మర్యాద అడ్డమొచ్చిందవ్వా. కొత్తది రాస్త. జర మర్యాద లేకుంట చెప్పు."

మూడేళ్లుగా ఆపుకున్నది ఒక్కసారి బయటికొచ్చింది. "నా ఇల్లు నాకియ్యిండ్రి! మీ కాయితాలు మీరు తీస్కపోండ్రి!"

జ్ఞానరాజు పొల్లుపోకుండా రాసి 'న'లో పెట్టాడు.

వారంలో పెద్ద హాకిం తనిఖీకి వచ్చాడు. "ఏదన్న ఒకటి తియ్యి" అన్నాడు. నాజిం సాహెబు 'న' తెరిచాడు. రెప్పపాటులో కాగితం చేతికొచ్చింది. హాకిం చప్పట్లు కొట్టి, ఇలాంటి అల్మారాలు మరో యాభై ఆరు మంజూరు చేశాడు.

"హుజూర్, అర్జీ దొరికింది గద, ఇల్లు ఇచ్చేద్దమా?" అన్నాడు జ్ఞానరాజు ఆశగా.

"పాగల్! ఇల్లిస్తే ఈ అర్జీ మిసిల్ బందయితది, కాయితం గోదాముకు పోతది. వచ్చే నెల హాకిం సాబ్‌కు ఏం తీసి చూపిస్తవ్?"

కొన్ని నెలలకు లచ్చమ్మ మళ్లీ వచ్చి గడపవతలే నిలబడింది. గడప ఆమెదే.

"దొరికిందా, అయ్యా?"

జ్ఞానరాజు తల ఎత్తలేదు.

"దొరికిందవ్వా. నెలనెలా దొరుకుతున్నది."