ఎర్ర సున్నా చుట్టిన కార్డు

చిన్నప్పుడు నేను లెక్కల్లో ఎప్పుడూ నూటికి నూరే. ఈ సంగతి నాకొక్కడికే తెలుసు కాబట్టి, మా అమ్మాయి చిత్రకు వారానికి రెండుసార్లు చెబుతుంటాను.

మొన్న అది లెక్కల్లో అరవై ఎనిమిది తెచ్చుకుని సంతకం పెట్టమంది. పేపరు ముట్టుకోకుండానే గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. “ఈ వంశంలో మొదటి గ్రాడ్యుయేట్‌ని నేను. బుడ్డి దీపం ముందర కూచొని నూటికి నూరు తెచ్చినాను. నీకు ట్యూబ్‌లైటు ఉండి అరవై ఎనిమిదా?”

సంతకం పెట్టలేదు.

మూడోనాడే పిడుగు పడింది. “నాయనా, బడిలో ప్రాజెక్టు ఇచ్చినారు. ఇంట్లో ఉండే పాత కాయితాలు చూసి కుటుంబ చరిత్ర రాయాలంట. ఆదివారం తాత పెట్టె తెరుస్తాను,” అంది చిత్ర.

సంగటి ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

మా నాయన చెన్నకేశవప్పకు చదువు రాదు. బస్సు మీది నంబరు కూడా పక్కవాళ్లే చెప్పాలి. కానీ కాగితమంటే ఆయనకు దైవం. ఉద్దనపల్లిలో మా ఇంటి గడప లోపలికి వచ్చిన ఏ కాగితమూ మళ్లీ బయటికి పోలేదు. ఎరువుల అంగడి నోటీసుకు కూడా భూమి పట్టాతో సమానంగా ఆ ట్రంకుపెట్టెలో చోటుంది. అలాంటప్పుడు నా తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు మాత్రం ఎక్కడికి పోతుంది? లెక్కలు: నూటికి పదిహేడు. దాని చుట్టూ సారు ఎర్ర సిరాతో చుట్టిన సున్నా.

“నువ్వు ముట్టొద్దు పాపా. చినిగిపోతాయి. నేనే సర్ది, ఫైళ్లు కట్టి ఇస్తాను,” అన్నాను.

చారు పోస్తున్న నా భార్య భువన గరిటె ఆపింది. “విప్పిన లుంగీ మడిచి పెట్టని మనిషి ఎనభై ఏండ్ల కాయితాలు సర్దుతాడంట. ఏమప్పా, ఒంట్లో బాగుండాదా?”

“హోసూరు కంపెనీలో పదిహేనేండ్లుగా క్వాలిటీ సెక్షన్‌లో ఉండాను. సర్దేది నాకు నేర్పిస్తావా?”

“ఆడ తప్పు పట్టేదానికి జీతం ఇస్తారు. ఈడ తప్పు దాచేదానికి ఎవరిస్తారు?”

ఇలాంటి మాటలు తెలిసి అంటుందో తెలియక అంటుందో ఆ బ్రహ్మకే తెలియాలి. నేను ఇంకాస్త చారు పోయమన్నాను.

ఆదివారానికి నాలుగు రంగుల ఫైళ్లు తెచ్చాను. పచ్చది భూమికి, నీలం పెళ్లిళ్లకు, పసుపు పుట్టుకలకూ చావులకూ, తెల్లది మిగతావాటికి. మా నాయన టమాటాలు వేసుకుని రాయకోట మండీకి పోయాడు. కరెంటు లేదు. నడవలో పెట్టె తెరవగానే భువన, చిత్ర సాయం చేస్తామంటూ చెరో పక్కన కూర్చున్నారు. దొంగకు ఇద్దరు పోలీసులు సాయానికి వచ్చినట్టుంది.

ముత్తాత భూమి దస్తావేజు వచ్చింది. అవ్వ టీకాల చీటీ వచ్చింది. బేరిగై ఊళ్లో ఉండే మేనత్త పెళ్లిపత్రిక వచ్చింది. చచ్చిపోయి ముప్పై ఏళ్లయిన గేదె ఇన్సూరెన్సు కూడా వచ్చింది.

“ఎనుముది ఏ ఫైల్లో పెట్టేది నాయనా?”

“పుట్టుకలూ చావుల్లో.”

“అది ఇంటి మనుషులది కదప్పా,” అంది భువన.

“మా అవ్వ దాన్ని మా అందరికన్నా బాగా చూసుకునింది. పెట్టు.”

నేల మీద నాలుగు కుప్పలు లేచాయి గానీ నా పదిహేడు కనబడలేదు. చివరికి పెట్టె అడుగున మడిచిన కాగితం ఒకటి తగిలింది. మడతలోంచి ఎర్ర సిరా తొంగి చూస్తోంది. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది.

ఫ్యాను అయిదు మీద ఉందని ఎవరికీ గుర్తులేదు. ఎనభై ఏళ్ల కుటుంబ చరిత్ర ఒక్కసారిగా లేచింది. ముత్తాత గడప దాటి వీధిలో పడ్డాడు. మేనత్త వంటింట్లోని చారు గిన్నెలో దూకింది. గేదె ఎగిరి మా పెళ్లి ఫోటో మీద వాలింది. “స్విచ్చి! స్విచ్చి!” అని భువన అరుస్తోంది. “తాతా, నిలబడు!” అంటూ చిత్ర ముత్తాత వెనకాల పరుగెత్తింది.

ఆ సందట్లో ఎర్ర సిరా కాగితాన్ని నడుముకు దోపుకుని పెరట్లోకి పోయాను. మడత విప్పకుండానే నీళ్ల పొయ్యిలో వేసి, బూడిదయ్యేదాకా నిలబడి చూశాను. తర్వాత ఈల వేస్తూ వచ్చి మిగతా కాగితాలు ఏరాను.

“ఒకటి తక్కువుంది,” అంది భువన.

“ఏది?”

“మన జాతకాల పొంతన కాయితం. పదికి తొమ్మిది కుదిరినాయని అయ్యోరు ఎర్ర సిరాతో రాసిచ్చినాడే, అది. పెట్టె అడుగున నేనే మడిచి పెట్టినాను. నువ్వు నీళ్ల పొయ్యి కాడ ఏం చేస్తా ఉంటివి?”

“నీళ్లు కాగినాయా అని చూస్తా ఉంటిని.”

“సరిపోయింది. ఇంక మనకు కుదిరిందనేదానికి సాక్ష్యమే లేదు. ఈ పొద్దు నుంచి నువ్వెవరో నేనెవరో!”

ఇంతలో మా నాయన ఖాళీ బుట్టలతో దిగాడు. చారు కారుతున్న మేనత్తను చూసి, “ఏం వెతుకుతా ఉండారు?” అన్నాడు.

“నాయన చిన్నప్పటి కాయితం ఒక్కటీ లేదు తాతా,” అంది చిత్ర.

“నా కొడుకు కాయితాన్ని ఎనుము కాయితంతో కలిపి పెడతానా?”

దేవుడి గూట్లోకి చేయి పోనిచ్చి, వెంకటరమణస్వామి పటం వెనక నుంచి తీశాడు. లామినేషన్ చేసిన ప్రోగ్రెస్ కార్డు. పైన కుంకుమ బొట్టు.

“తరగతిలో అందరికన్నా బాగా రాసినోడికే సారు ఎర్ర సున్నా చుడతాడంట. వీడే చెప్పినాడు. ఆ సంబరంలోనే ఏలిముద్ర వేసినాను పాపా. టమాటా లోడు కృష్ణగిరికి పోయినప్పుడు ప్లాస్టిక్ వేయించుకొచ్చినాను. పెళ్లిచూపుల్లో మీ అమ్మ వాళ్ల నాయనకు కూడా ఇదే చూపించినాను.”

ఆ అబద్ధం చెప్పిన సంగతే నేను మరిచిపోయాను. భువన వైపు చూశాను.

“మా నాయనకు చదువొచ్చు కదప్పా,” అంది నా చెవి దగ్గర. “చూసి గమ్మున ఉండిపోయినాడు. పిల్లోడి తెలివి ఎట్లున్నా, ఇంత మురిసిపోయే మామ యాడ దొరుకుతాడు, పిల్లనిచ్చేద్దాం అన్నాడు. నాకు పదహారేండ్లుగా తెలుసు.”

కార్డు చిత్ర చేతికి పోయింది. పదిహేడు చదివింది. ఎర్ర సున్నా చూసింది. పక్కనున్న వేలిముద్ర మీద వేలు పెట్టి అక్కడే ఆగింది. మా నాయన దాని ముఖంలోకే చూస్తున్నాడు. నా నూటికి నూరు ఎలాగూ పోయింది. ఆయన ఇన్నేళ్ల సంతోషం ఇప్పుడు పద్నాలుగేళ్ల పిల్ల నోట్లో ఉంది. నేను కళ్లతోనే దండం పెట్టాను.

“నిజమే తాతా,” అంది చిత్ర. “ఇట్లాంటి మార్కు మా తరగతిలో ఒక్కరికి కూడా రాలేదు.”

లోపలికి పోయి అరవై ఎనిమిది పేపరు తెచ్చి, పెన్ను మూత తీసి మరీ నా ముందు పెట్టింది. “సంతకం, నాయనా.”

ఉపన్యాసం లేకుండా పెట్టాను.

మా నాయన ఆ పేపరు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఎర్ర సున్నా ఎక్కడా లేదు. జాలిగా మనవరాలి తల నిమిరాడు.

“దిగులు పడొద్దు పాపా. బాగా చదువు. వచ్చే పరీక్షకు నీకూ చుడతారు. మీ నాయన పోలిక యాడికి పోతాది?”