ఆఖర్న పెట్టిన పులి పాఠం

ఒక పెద్ద అడవిలో చిన్న బడి ఒకటి నడిచేది. బొద్దయ్య అనే ఎలుగుబంటి ఒక్కడే దానికి మాస్టారు. వానొస్తే పుట్టగొడుగుల పాఠం, చీమలు బారు కడితే చీమల పాఠం, ఏది కనబడితే అది చెప్పేవాడు. కుందేలు పిల్లలూ లేడిపిల్లలూ హాయిగా నేర్చుకునేవి.

నిద్ర పట్టనిది తల్లిదండ్రులకే. రేపేం చెబుతారో ఇవాళ తెలియకపోతే అదేం చదువని పెద్దల సభలో నిలదీశారు. సిలబస్ ఉండాల్సిందేనని సభ తీర్మానించింది.

మాస్టారు ముందు సంతోషించాడు. ఏం నేర్పబోతున్నామో పిల్లలకు ముందే చెప్పడం మంచిదేగా, నాలుగు ముక్కలు రాసిస్తే సరిపోతుందనుకున్నాడు. తీరా చూస్తే, రాయడానికి నక్క అధ్యక్షతన కమిటీ వేశారు. అందులో మాస్టారు లేడు.

నెమలి తన నాట్యం మొదట ఉండాలంది. గుడ్లగూబ పగటి నిద్ర మీద రెండు పాఠాలు ఇరికించింది. బురద చరిత్ర లేకపోతే ఒప్పుకోనని అడవిపంది భీష్మించుకుంది. పులి వస్తే ఏం చేయాలో మొదటి వారమే చెప్పాలని మాస్టారు వెళ్ళి బతిమాలాడు.

నక్క గొంతు తగ్గించింది. "పులిగారి చెవిన పడితే బాగుండదు మాస్టారూ. ఆఖర్న పెట్టాం. అప్పటికి ఎలాగూ సెలవులొచ్చేస్తాయి."

సిలబస్ చదివి వినిపించడానికే వానాకాలం అయిపోయింది. తర్వాత బురద చరిత్ర మొదలైంది. నక్క తనిఖీకొచ్చిన రోజు, పిల్లలు ఆవులిస్తూ వల్లె వేస్తుండగా పొదల్లోంచి పులి నడిచొచ్చింది.

బండ సందులోకి దూరమని మాస్టారు అరిచాడు. ఒక్క పిల్లా కదల్లేదు. అది ఆఖరి పాఠమని కుందేలు పిల్ల గుర్తుచేసింది. లేడిపిల్ల పులికి నమస్కారం పెట్టి, మీ పాఠం ఇంకా రాలేదండీ, వేసవిలో రమ్మంది. ఏం చేయాలో తోచక పులి ఆగిపోయింది.

మాస్టారికి చప్పున తట్టింది.

"ఇది పరీక్షలో వస్తుంది. పది మార్కులు," అన్నాడు.

రెప్పపాటులో పిల్లలన్నీ బండ సందులో ఉన్నాయి, మాస్టారు చెట్టు మీద ఉన్నాడు. మార్కులతో పనిలేని నక్క మాత్రం, అనుమతి లేకుండా వరుస ఎలా మారుస్తారని అడుగుతూ అక్కడే నిలబడింది.

మర్నాడు సగం తోకతో సభకొచ్చి, ముందు పాఠం వెనక, వెనక పాఠం ముందు చెప్పినందుకు మాస్టారికి మెమో ఇచ్చింది.

నీతి: ప్రాణం నిలబెట్టే చదువైనా సరే, మార్కులుంటేనే బుర్రకెక్కుతుంది.