టెంపరరీ బాబాయ్, పర్మనెంట్ మేఘం

కంటికి కనిపించే కంప్యూటరంత దండగమారి వస్తువు ఇంకొకటి లేదని నా దృఢమైన అభిప్రాయం. కనిపిస్తుంది కాబట్టే దుమ్ము పడుతుంది. దుమ్ము పడుతుంది కాబట్టే తుడవాలి. తుడవడానికి ఓ మనిషి కావాలి. మనిషన్నాక కుర్చీ, కుర్చీ అన్నాక ఫ్యాను, ఫ్యానన్నాక దాని రెగ్యులేటర్ పాడవడం! ఇంత సంసారం మనకు అవసరమా? అందుకే నేను మేఘవాదిని. అదేనండీ, క్లౌడ్.

తెలియనివారికి ఒక్క ముక్కలో చెప్తాను. కంప్యూటర్ ఎవరిదో, ఉండేది ఎక్కడో. మనం ఇక్కడ కూర్చుని వాడుకుంటాం, పనయ్యాక వదిలేస్తాం. పొరుగింటి నిచ్చెన అడిగి తెచ్చుకోవడం లాంటిదే. కాకపోతే పొరుగింటివాళ్ల మొహం చూడక్కర్లేదు. అంతకన్నా సుఖం ఏముంటుంది?

నమ్మరా? అయితే మా వదిన సంగతి వినండి.

మా వదిన సైంటిస్టు. పైన ఇంత వాన పడితే కింద నదిలో నీళ్లు ఎంత ఎత్తుకు లేస్తాయో, ఏ వీధిలోకి ఎన్ని గంటలకు వస్తాయో లెక్కగట్టడం ఆమె పని. ఊరినంతా చదరంగం బల్లలా గళ్లు గళ్లుగా విడగొట్టి, ఒక గడిలో నీళ్లు పక్క గడిలోకి ఎంత పోతున్నాయో క్షణక్షణానికీ చూడాలి. గళ్లు కోట్లలో ఉంటాయి. మీ ఇంటి కంప్యూటర్‌కి ఆ లెక్క అప్పగిస్తే వరద వచ్చి, పోయి, గోడల మీద మరకలు ఆరాక జవాబు చెప్తుంది. బీరువాలంత పెట్టెలు వరసగా నిలబెట్టి చేయించాల్సిన పని అది.

అలాంటివి వాళ్ల ఇన్‌స్టిట్యూట్‌లో పన్నెండు ఉండేవి. అబ్బ, ఏం రొద! గదిలోకి వెళ్తే వణుకు, బయటికొస్తే చెవుడు. వాటి మధ్య స్వెటర్ వేసుకుని ఓ ఆపరేటర్ ఉండేవాడు. ఆయన్ని ఉద్యోగంలోకి టెంపరరీగా తీసుకున్నారు, పంతొమ్మిదేళ్ల కిందట. అందరూ ఆయన్ని టెంపరరీ బాబాయ్ అనేవారు. ఆయనా పలికేవాడు.

ఆ పెట్టెల్లో టెంప్ అని ఓ ఫోల్డర్ ఉండేది. అది కూడా టెంపరరీయే. లెక్క నడిచినంతసేపూ అంకెలు పడేసుకుని, అయిపోగానే ఊడ్చేయాల్సిన చోటు. కానీ బాబాయ్‌కి ఊడ్చడానికి చేతులు రాలేదు. ఎవరి కష్టమో ఏమో అనుకుంటూ అన్నీ ఓ మూల దాచేవాడు. ఈ సంగతి పసిగట్టిన సైంటిస్టులు తమ సర్వస్వాన్నీ టెంప్‌లోనే పెట్టసాగారు. పర్మనెంట్ అని పేరున్న ఫోల్డర్‌లోంచి రెండు థీసిస్‌లు గల్లంతయ్యాయి గానీ, టెంప్‌లో పెట్టింది ఏనాడూ పోలేదు!

ఇదెక్కడి అరాచకం? టెంపరరీ అని బోర్డు పెట్టుకుని పర్మనెంట్‌గా ఉండిపోవడమా? ఆ మనిషీ అంతే, ఆ ఫోల్డరూ అంతే! డైరెక్టర్‌గారికి సహజంగానే ఒళ్లు మండింది. ఓ ఉత్తర్వు వేశారు. పెట్టెలు పాత ఇనుప సామాన్లోకి పోయాయి, లెక్కలు క్లౌడెక్కాయి, గది మీటింగ్ హాలైంది. చూసుకోవడానికి పెట్టెలే లేనప్పుడు చూసుకునేవాడెందుకు? బాబాయ్ స్వెటర్ మడతపెట్టి సంచీలో వేసుకుని, బస్టాండ్ ఎదుట జిరాక్స్ షాపులో చేరాడు.

ఇక మా వదిన వైభోగం చూడాలి! ఒక్క నొక్కు నొక్కితే అరవై నాలుగు మెషీన్లు. ఇంకో నొక్కు నొక్కితే మాయం. మొదటివారం ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. ఓ రోజు ఊరికే నాలుగు వందల మెషీన్లను పిలిచి, "ఏం లేదు, వెళ్లండి" అందట. అవి మారుమాట్లాడకుండా వెళ్లాయి. ఇంట్లో మా అన్నయ్య కూడా అంత వినడు.

అలా ఉండగా వానలొచ్చాయి. రెండు రోజులు తెరిపి లేకుండా కురిశాక, ఓ పొద్దున ఊరి ఎగువన డ్యామ్ గేట్లు చూసే ఇంజనీరు వదినకు ఫోన్ చేశాడు.

"మేడమ్, సాయంత్రం ఆరింటికి గేట్లు ఎత్తక తప్పదు. పల్లపు వీధుల్లోకి నీళ్లొస్తాయా? వచ్చేట్టయితే రెండు వేలమందిని ఖాళీ చేయించాలి. నాలుగింటికల్లా చెప్పగలరా?"

"రెండున్నరకే చెప్తాను" అంది వదిన.

ఊరిని పదేసి మీటర్ల గళ్లు చేసింది. అరవై నాలుగు మెషీన్లనీ దింపింది. పనవగానే వాటంతటవే సెలవు తీసుకునేలా కూడా ఏర్పాటు చేసింది. సరిగ్గా రెండున్నరకు లెక్క విజయవంతంగా ముగిసిందని తెర మీద పచ్చటి అక్షరాలు మెరిశాయి. వదిన ఫలితం తెరవబోయింది. ఫలితం లేదు.

ఎక్కడ పెట్టింది? ఇంకెక్కడ, టెంప్‌లో! ఇన్నేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే అటు పోయింది. మెషీన్లు చెప్పినట్టే సెలవు తీసుకున్నాయి, పోతూ పోతూ టెంప్‌ని శుభ్రంగా ఊడ్చుకుపోయాయి. చూశారా క్లౌడ్ నిజాయితీ? టెంపరరీ అన్న మాటకు కట్టుబడి నిలిచిన సంస్థ ఈ లోకంలో ఇదొక్కటే!

వదిన క్లౌడువాళ్ల ఆన్‌లైన్ సహాయకేంద్రం తలుపు తట్టింది. మీ ప్రశ్న మాకెంతో ముఖ్యం, అంది తెర. పోయిన ఫలితాన్ని తిరిగి తెచ్చే దారుందా అని అడిగితే, మెషీన్ పెట్టుకోవడమెలా అనే వ్యాసం చూపించింది. అక్కడ మనుషులెవరైనా ఉన్నారా అని రాసింది వదిన. 'మనుషులు' అనే సర్వీసు మీ ప్రాంతంలో అందుబాటులో లేదు, అని తడుముకోకుండా జవాబొచ్చింది.

రెండు వేలమంది. మళ్లీ మొదలెడితే ఇంకో ఆరు గంటలు. ఇక ఆలోచించకుండా జిరాక్స్ షాపుకి ఫోన్ చేసింది.

"బాబాయ్, నేను."

"చెప్పమ్మా. ఒక్క క్షణం... రెండు వైపులా తీయాలా అండీ, ఒకవైపేనా? ఆఁ, చెప్పమ్మా."

"పొద్దుటి నుంచి చేసిన లెక్క పోయింది. నాలుగింటికి చెప్పాలి, పల్లపు వీధుల సంగతి."

"టెంప్‌లో పెట్టావా?"

"ఊఁ."

"సరేలే. గడి ఎంత?"

"పది మీటర్లు."

"ఎందుకమ్మా అంత సన్నం? ఎవరింట్లో గచ్చు తడుస్తుందో చెప్పాలా ఏమిటి? వీధిలోకి వస్తాయా రావా అనేగా అడిగింది. ముప్పై పెట్టు. వెనకటి పెద్ద వరదప్పుడు మనం అంతే పెట్టాం, ఒక్క వీధి కూడా తప్పలేదు. అరగంట పట్టదు. ఈసారి మాత్రం ఇంకెక్కడైనా దాచు."

ఇరవై నిమిషాల్లో లెక్క తేలింది. మూడు వీధుల్లో నడుం లోతు నీళ్లు. మూడూ ఇరవైకి ఇంజనీరుకు చెప్పింది. ఆరయ్యేసరికి జనమంతా మెరకమీది బడి మేడ ఎక్కారు. ఏడింటికి నీళ్లొచ్చాయి. సరిగ్గా ఆ మూడు వీధుల్లోకే, నడుం లోతే. జనంతోపాటు మేడెక్కి చూసిన వదిన కళ్లు తుడుచుకుంది.

మర్నాడు మీటింగ్ హాల్లో డైరెక్టర్‌గారు ఉప్పొంగిపోయారు. ఆరు గంటల లెక్కను క్లౌడ్ ఇరవై నిమిషాల్లో చేసిందన్నారు. చప్పట్లు మోగాయి. వదిన లేచి నిలబడింది.

"సార్, క్లౌడ్‌కి ముప్పై మీటర్లు చాలని తెలీదు. బాబాయ్‌కి తెలుసు."

డైరెక్టర్‌గారు ఒక్క నిమిషం ఆలోచించారు. మహానుభావులకు ఒక్క నిమిషం చాలు. "అయితే ఆయనకు తెలిసిందంతా కూడా క్లౌడెక్కించేద్దాం. రెండు రోజులు వచ్చి టైప్ చేసి వెళ్లమనండి" అన్నారు.

బాబాయ్ వచ్చాడు. రెండు రోజులు కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ల అనుభవసారాన్ని ఒకే పేజీలో పెట్టి, అందరికీ నమస్కారం చెప్పి వెళ్లాడు. డైరెక్టర్‌గారు భక్తితో తెరిచి చూశారు. 'ఏ లెక్క దగ్గర ఇబ్బంది వచ్చినా ఈ నంబరుకి ఫోన్ చేయండి. పది నుంచి ఏడు దాకా ఉంటాను.' కింద షాపు నంబరు. అంతే!

ఇంత క్లుప్తమైన సాంకేతిక పత్రం తానెన్నడూ చూడలేదన్నారు డైరెక్టర్‌గారు. దాన్ని వెంటనే క్లౌడ్‌లో మూడు వేర్వేరు చోట్ల భద్రపరిచారు. భూకంపం వచ్చినా చెక్కుచెదరదట. అన్ని విభాగాలకూ పంపించారు కూడా.

మొన్న మళ్లీ ముసురు పట్టింది. ఆరింటికి గేట్లు ఎత్తుతామని ఇంజనీరు కబురు పెట్టాడు. లెక్క మధ్యలో ఎక్కడో అంకెలు అడ్డం తిరిగాయి, వదిన ఫోన్ చేసింది. ఎంతసేపు చేసినా బిజీ. గొడుగు తీసుకుని పరుగెత్తింది.

షాపు చూరు కింద గాలివానల సైంటిస్టు, కొండచరియల సైంటిస్టు, ఇంకో ముగ్గురు, ల్యాప్‌టాప్‌లు గుండెలకు హత్తుకుని తడుస్తున్నారు. లోపల బాబాయ్ ఎవరివో పెళ్లి సర్టిఫికెట్లు తీస్తున్నాడు. తల ఎత్తకుండానే, "వరసలో రండి" అన్నాడు.

అప్పటికి అయిదూ పది. మా వదిన ఆరోది.