జాతికి అంకితమైన చిట్టెం

వెయ్యేళ్ల నాటి మట్టికొలిమికీ రేపటి పరిశోధనకీ పెళ్లి చేస్తున్నట్టు మన లోహశాఖ మంత్రిగారు పోయిన నెల ప్రకటించారు. "రాయిలోంచి ఇనుము తీయడమే కాదు, ఇనుములోంచి భవిష్యత్తు కూడా తీస్తాం" అన్నారు. దాని అర్థమేమిటని ఎవరూ అడగలేదు. ఆ శాఖలో పదకొండేళ్లుగా టైపిస్టుగా ఉన్నాను కనుక చెబుతున్నాను. అర్థమయ్యే వాక్యాలు ఆయన ఎన్నికలప్పుడు మాత్రమే వాడతారు.

పెళ్లికి కావలసిన కొలిమి మాత్రం శాఖ దగ్గర లేదు. ఊరంతా గాలిస్తే ఒక్కటి దొరికింది. అది మా బావది. పొగ వస్తోందని మా శాఖే దానికి ఏడాది కిందట సీలు వేసింది. ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే. అప్పుడు మా అక్క ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు, అన్నం మాత్రం పెట్టింది. ఇనుపరాయిని కాల్చి ఇనుము తీయడం తెలిసినవాడు ఈ చుట్టుపక్కల మా బావ ఒక్కడే. సీలు పడ్డాక దుకాణాల షట్టర్లకు గ్రీజు పూసే పనికి పోతున్నాడు. ఆ పనికి పొగ రాదు.

కార్యదర్శిగారు స్వయంగా మా బావ ఇంటికి వచ్చారు.

"మంత్రిగారి ముందు ఇనుము తీసి చూపించు. లైసెన్సు నీ గుమ్మంలోకి వస్తుంది."

"ఎంతసేపు చూస్తారండీ?" అన్నాడు బావ.

"పన్నెండు నిమిషాలు."

"ఇనుము దిగడానికి తొమ్మిది గంటలు పడుతుందండి."

"అయితే ఆ మిగతా ఎనిమిది గంటల నలభై ఎనిమిది నిమిషాలూ నువ్వు ముందే కానిచ్చెయ్."

పరిపాలన అంటే ఇలా ఉండాలి.

కార్యక్రమం రోజున, ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో బావ కొత్తగా కట్టిన కొలిమిని పొద్దున్నే అంటించాం. ఛాతీ ఎత్తున మట్టి గొట్టం, అందులో ఒక వరస బొగ్గు, ఒక వరస రాయి. ఒక తిత్తి అక్క తొక్కింది, రెండోది నేను తొక్కాను. బావ మంట రంగు చూస్తూ, గాలి చప్పుడు వింటూ, "నెమ్మదిగా", "ఇప్పుడు గట్టిగా" అంటూ ఉన్నాడు. ఏడాది తరవాత ఆ మనిషి ముఖంలో కళ చూశాను. పరిశోధనాసంస్థ డైరెక్టరుగారు ఒక డిజిటల్ థర్మామీటరు కొలిమిలో పెట్టారు. అది కరిగిపోయింది. "వేడి ఉన్నది" అని ఆయన నోటు రాసుకున్నారు.

మంత్రిగారు వచ్చారు. కెమెరాలు తిరిగాయి. బావ కొలిమి అడుగున కన్నం పొడిచాడు. ఎర్రగా, బంగారు రంగులో ఒక ధార జారి వచ్చి, నేల మీద చల్లారి నల్లగా నిగనిగలాడింది. అది చిట్టెం. రాతిలోని మడ్డి అంతా కరిగి అలా బయటికి పోతుంది. అసలు ఇనుము ఈ కొలిమిలో కరగదు, అడుగున ముద్దై కూర్చుంటుంది. తిత్తి తొక్కే ఇంట్లో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఇదిగో మన ఇనుము" అన్నారు మంత్రిగారు.

"అయ్యా, అది చిట్టెమండీ. ఇనుము లోపలుంది."

కార్యదర్శిగారు బావ భుజం మీద చెయ్యి వేశారు. "మంత్రిగారు లైవ్‌లో ఉన్నారు" అని మెల్లగా చెప్పారు.

బావ కొలిమి గోడ పగలగొట్టి, పటకారుతో ముద్దను బయటికి లాగాడు. నిండా కంతలు, బొగ్గు మసి, చూడ్డానికి అసహ్యంగా ఉంది. మంత్రిగారు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఆ చెత్తేంటి?"

"వ్యర్థమండి" అన్నారు కార్యదర్శిగారు.

మంత్రిగారు డైరెక్టరు వైపు తిరిగారు. ఆయన చిట్టెం వైపు చూశారు, ముద్ద వైపు చూశారు, చివరికి మంత్రిగారి వైపు చూశారు. ముప్ఫై ఏళ్ల పరిశోధనానుభవం అక్కడ అక్కరకొచ్చింది.

"ప్రాథమికంగా వ్యర్థమే అనిపిస్తోందండి."

చిట్టేన్ని అద్దాల పెట్టెలో పెట్టి జాతికి అంకితం చేశారు. కాలుష్య అధికారి ముద్దను తూకం వేయించి, పదకొండు కిలోలని ఫారంలో నింపుకున్నాడు.

"దాన్ని మేం పట్టుకెళతామండి" అంది అక్క.

"ప్రమాదకర వ్యర్థమమ్మా. అనుమతి లేకుండా కదపకూడదు."

అక్కడే గొయ్యి తీసి, ముద్దను అందులో వేసి, పైన సిమెంటు పోశారు. తొమ్మిది గంటలు తిత్తి తొక్కిన కాళ్లతో మా అక్క ఆ గొయ్యి పక్కన కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ప్రభుత్వోద్యోగిని కనుక మింగేశాను.

వారం తరవాత ఉత్తర్వు వెలువడింది. అదీ నేనే టైపు చేశాను. "మీ కొలిమి ఇచ్చిన లోహము అత్యుత్తమముగా నున్నది. అయితే మూడు కిలోల లోహమునకు పదకొండు కిలోల ఘనవ్యర్థము మిగులుచున్నది. వ్యర్థము బొత్తిగా రాకుండా కొలిమి నడిపి చూపినచో లైసెన్సు మంజూరు చేయబడును."

బావ దాన్ని మూడుసార్లు చదివాడు. "అంటే ఇనుము రాకూడదంటారా?"

"అలా అని ఎక్కడా రాయలేదు బావా."

రెండు రోజులు బావ మంచం దిగలేదు. మూడో రోజు అక్క కాఫీ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది.

"మీకు కొలిమి కావాలా, ఇనుము కావాలా?"

"రెండూ ఒకటే కదే."

"మనకి ఒకటే. వాళ్లకి కాదు."

రెండో పరీక్షకు కొలిమిలో ఇనుపరాయి ఒక్కటి కూడా వేయలేదు. ఇసుక, బూడిద, వీధి చివర చెత్తకుండీలో ఏరిన పగిలిన సీసాలు వేశాం. రెండు గంటల్లో ధార వచ్చింది. మొదటిసారి కన్నా నున్నగా వచ్చింది, ఎండ పడితే మెరిసింది కూడా. కార్యదర్శిగారు చప్పట్లు కొట్టారు. గోడ పగలగొట్టి చూస్తే లోపల ఖాళీ. అధికారి వంగి అడుగంతా తడిమి, "వ్యర్థం: సున్నా" అని రాసుకున్నాడు. పాత సీసాలు వాడినందుకు రీసైక్లింగ్ పద్దు కింద మెచ్చుకోలు పత్రం కూడా ఇచ్చారు. డైరెక్టరుగారు మాత్రం బావ కళ్లలోకి చూడకుండా, "బాగా కరిగిందయ్యా" అని కారెక్కి వెళ్లిపోయారు.

లైసెన్సు వచ్చింది. షరతు ఒకటే. కొలిమి అంటించిన ప్రతిసారీ ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు, అడుగున ముద్ద కనబడితే లైసెన్సు రద్దు. బావ ఇప్పుడు షట్టర్ల పని మానేశాడు. వారానికి రెండుసార్లు సీసాలు కరిగిస్తున్నాడు. దేశమంతటా ఇలాంటి కొలుములు నాలుగు వందలు పెడతామని మంత్రిగారు నిన్ననే ప్రకటించారు.

లైసెన్సుకు అక్క ఫ్రేము కట్టించింది. గోడకు తగిలిద్దామంటే ఇంట్లో మేకు లేదు. నేనే బజారుకు వెళ్లి ఒకటి కొనుక్కొచ్చాను.